రేడియో తీసేసిన ఫోను

తెలియని ఊరి గురించి నేను కథ చెప్పను. అది నా నియమం. విశాఖపట్నం చేపల రేవులో నేనొకసారి వంజరం కొన్నాను. అమ్మినామె చెప్పిన ధరకే కొని, బేరంలో గెలిచినవాడిలా నడిచి వచ్చాను. కాబట్టి ఆ రేవు గురించి నాకు పూర్తిగా తెలిసినట్టే. ఇక వినండి.

ఎదుటివాడికి ఏది అక్కర్లేదో వాడికంటే తనకే బాగా తెలుసనుకునే నూకరాజు అనే ఆఫీసరు విశాఖపట్నంలో ఉండేవాడు. అతను పనిచేసేది గోరింక అనే మొబైల్ కంపెనీలో.

అవి బటన్ ఫోన్ల రోజులు. గోరింక పేరుతో అమ్మే ప్రతి కొత్త ఫోనూ బజారుకు పోయే ముందు నూకరాజు బల్ల మీదికి వచ్చేది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, కూరలో కరివేపాకు ఏరినట్టు, అందులో ఊరికే వచ్చే సౌకర్యాలన్నీ ఏరేవాడు. పక్కవాడి ఫోనుకు పాట పంపే వీలుంటే తీయించేసేవాడు. పాట కావలసినవాడు కంపెనీ దగ్గర కొనుక్కోవాలి కదా. నచ్చిన రింగుటోను పెట్టుకునే వీలుంటే అదీ తీయించేవాడు. ఆ పైన, "జనానికి ఇవన్నీ ఎందుకు? గందరగోళం," అనేవాడు. జనం తరఫున అతనే గందరగోళపడి, అతనే తేరుకునేవాడు.

ఒకసారి రేడియో ఉన్న ఫోను వచ్చింది. నూకరాజు ఫోన్లు తయారుచేసే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. అక్కడ శ్రీలత అనే ఇంజనీరు ఎత్తింది.

"రేడియో తీసేయండమ్మా," అన్నాడు.

"ఎందుకు సార్? దానివల్ల ఎవరికీ పైసా ఖర్చు లేదు."

"అదేనమ్మా దాని తప్పు. పాటలు ఊరికే వస్తుంటే మా పాటల ప్యాక్ ఎవరు కొంటారు?"

"అది లోపలే ఉంటుంది సార్. కనబడకుండా మాత్రం చేయగలం."

"కనబడకపోతే చాలు. ఉన్న సంగతి ఫోనుకు తెలిస్తే తెలియనీ."

రేడియో బొమ్మ ఉన్నచోట పాటల దుకాణం బొమ్మ వచ్చింది. ఫోను బజారుకు వెళ్ళింది. మొదటి ఫోను నూకరాజు తన తమ్ముడు ఎల్లాజీకి బహుమతిగా ఇచ్చాడు. ఎల్లాజీ చదువుకోలేదు. తండ్రిలాగే చిన్న ఇంజను పడవలో వేటకు వెళ్ళేవాడు.

"ఊళ్ళో అందరికంటే ముందు నీ చేతికే వచ్చిందిరా," అన్నాడు నూకరాజు.

"మెరుస్తున్నాది అన్నియ్యా," అన్నాడు ఎల్లాజీ. అన్న ఇచ్చినదానికి వంక పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వెనకొకసారి అన్న తెచ్చిన చొక్కా బిగుతుగా ఉందన్నందుకు, నూకరాజు వాడి భుజాలనే తప్పుపట్టాడు.

కార్తీకమాసం వచ్చింది. కార్తీకంలో చేపలు కొనేవాళ్ళు తగ్గుతారు, తుపాన్లు పెరుగుతాయి. ఒకరోజు పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటే ఎల్లాజీ ముగ్గురు తోటివాళ్ళతో వేటకు వెళ్ళాడు. ఎండ ముదిరేసరికి ఆఫీసు టీవీలో వార్త వచ్చింది. ఎటో పోతుందనుకున్న వాయుగుండం తుపానుగా మారి ఇటే తిరిగింది. సముద్రం మీద ఉన్నవాళ్ళు వెంటనే వెనక్కి రావాలని చెబుతున్నారు.

నూకరాజు తమ్ముడికి ఫోన్ చేశాడు. ఒక తీయని గొంతు పలికింది. "మీరు పిలిచిన వ్యక్తి మా కవరేజీలో లేరు. ఈలోగా మంచి పాట వినడానికి ఒకటి నొక్కండి."

ఆ 'ఈలోగా' అన్న ముక్క రాసింది నూకరాజే. దాన్ని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడతనికి ఆ గొంతు పీక నొక్కాలనిపించింది.

అతను రేవుకు పరిగెత్తాడు. గాలి మొదలైంది. ఒడ్డున ఉన్నవాళ్ళు పడవలను పైకి లాగుతున్నారు. ఎల్లాజీ భార్య పైడమ్మ వలల కుప్ప మీద కూర్చుని సముద్రాన్నే చూస్తోంది.

"ఎంతమంది వచ్చారమ్మా?" అని అడిగాడు.

"శానామంది వచ్చీసినారు బావగారూ. మనోళ్ళది రాలేదు."

పక్కన మోకు చుడుతున్న ముసలాయన, "రేడియోలో ఇందాకట్నించి మొత్తుకుంటన్నారు. ఇన్నోళ్ళు తిరిగొచ్చీసినారు. ఇననోడికి దేవుడే దిక్కు," అన్నాడు.

నూకరాజు కూడా వలల మీద కూలబడ్డాడు.

"పైడమ్మా, వాడికిచ్చిన ఫోన్లో రేడియో లేదు," అన్నాడు. "ఉండేది. పాటల ప్యాక్ అమ్ముడవ్వాలని నేనే తీయించేశాను. నా తమ్ముడి చెవులు నేనే మూసేశాను."

పైడమ్మ అతనివైపు ఒక రకంగా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మీరు కోప్పడనంటే ఒకటి సెప్తాను," అంది.

"ఇంకా కోప్పడే మొహమా నాది? చెప్పు."

"ఆ ఫోను మీ తమ్ముడి కాడ లేదు. పాటలు రాని ఫోను సంద్రంలో నాకెందుకని, ఐసు ఫ్యాక్టరీ అప్పన్నకి ఇచ్చీసి, ఆడి డబ్బా ఫోను తీసుకున్నాడు. దాంట్లో రేడియో ఉన్నాది. మీకు తెలిస్తే ఊరుకోరని దాసినాం."

నూకరాజు జీవితంలో అతని బహుమతికి ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు. అతనికి ఇంత సంతోషమూ ఎప్పుడూ కలగలేదు. అయినా మాట చాలదు, మనిషి కనబడాలి. ఇద్దరూ లేచి రేవు చివరికి నడిచారు.

వాన తెర వెనక నుంచి ముందు ఇంజను చప్పుడు వినిపించింది. తర్వాత పడవ కనిపించింది. అందులో నలుగురూ ఉన్నారు. గట్టిగా ఒక సినిమా పాట కూడా ఉంది. పైడమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. ఏడుస్తూనే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. దాంతో అందరికీ ఇక భయం లేదని తెలిసిపోయింది.

ఒడ్డున అన్నను చూడగానే ఎల్లాజీ ఏదో గబుక్కున లుంగీ మడతలో దోపుకున్నాడు. పాట మాత్రం ఆగలేదు.

"ఏదిరా ఫోను?" అన్నాడు నూకరాజు.

"ఏ ఫోను అన్నియ్యా?"

"నీ నడుం దగ్గర పాడుతున్నది."

ఎల్లాజీ తల వంచుకుని తీసి ఇచ్చాడు. ఇటుకంత ఫోను, నిండా చేప పొలుసులు. నూకరాజు జేబురుమాలు తీసి దాన్ని శుభ్రంగా తుడిచాడు.

"పాట మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపీసి తుపాను అన్నారు అన్నియ్యా," అన్నాడు ఎల్లాజీ. "ముందు ఆళ్ళని తిట్టుకున్నాం. తరవాత పడవ తిప్పీసినాం."

"మంచి పని చేశావురా. నా ఫోను మార్చేసి ఇంకా మంచి పని చేశావు," అన్నాడు నూకరాజు.

తుపాను వెళ్ళాక నూకరాజు ఆఫీసుకు వెళ్ళి, తర్వాతి ఫోనులో రేడియో ఉండాలని, లేకపోతే సంతకం పెట్టనని చెప్పాడు.

"మరి పాటల ప్యాక్ ఎవరు కొంటారయ్యా?" అన్నాడు పై ఆఫీసరు.

"కొనేవాళ్ళు కొంటారు సార్. కొనాలన్నా ముందు ఒడ్డుకు రావాలి కదా."

పై ఆఫీసరు చాలాసేపు గొణిగి, చివరికి సరేనన్నాడు. నూకరాజు ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, "అమ్మా, రేడియో మళ్ళీ పెట్టాలంటే కష్టమా?" అని అడిగాడు.

"పెట్టేదేముంది సార్, ఉన్నచోటే ఉంది. మీరు దారి వదిలితే చాలు," అంది శ్రీలత.

ఒకరి చేతిలో పెట్టే వస్తువులోంచి మన లాభం కోసం ఏదీ తీసేయకూడదు. మనకు దండగ అనిపించేదే వాళ్ళ ప్రాణానికి ఆధారం కావచ్చు. ఎవరికేది అవసరమో వాళ్ళే తేల్చుకోవాలి. ఇదీ నీతి.

ఇంత చెప్పిన నేను, నిన్ననే మా ఆవిడ కొన్న మిక్సీలో మూడో గిన్నె ఎందుకని అటక మీద పెట్టేశాను. తనను అడగాలన్న ముక్క నాకు పెట్టేశాక గుర్తొచ్చింది. అడిగి చేయడం నేనింకా నేర్చుకోలేదు.