జొన్నచేను గట్టు మీద రాజకుమారుడు

ఏ కాలం నాటి మాటో గానీ, సింగారపురాన్ని వీరకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒకనాడు ధూమ్రాక్షుడనే మాంత్రికుడు కొలువుకొచ్చి, "నీ రాజ్యం నాకిచ్చెయ్" అన్నాడు. రాజు ఇవ్వనన్నాడు. వాడు గుప్పెడు బూడిద చల్లాడు. అంతే, రాజు పాదాలు రాయైపోయాయి.

"ఏడోనాడు పొద్దుగూకేసరికి నిలువెల్లా బండవుతావు" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ముసలి మంత్రి శాస్త్రాలు తిరగేసి చెప్పాడు. "వాడి ప్రాణం ఏడు ఏర్ల అవతల, ఒక జొన్నచేలో, పూరేడుపిట్ట గూట్లో నల్లగుడ్డై ఉంది. అది పగిలితే మాయ వదులుతుంది."

పెద్దకొడుకులిద్దరూ గుర్రాలెక్కి దౌడు తీశారు. ఐదోనాటికి ఉత్తచేతులతో తిరిగొచ్చారు. "చేనంతా గాలించాం తమ్ముడూ, గూడే లేదు." అప్పటికి రాయి రాజు గుండెల దాకా వచ్చేసింది.

చిన్నవాడు సుకేతుడు ఆ క్షణమే బయల్దేరాడు. దారిలో ఒక పశువుల దొడ్డి అడ్డొచ్చింది. తడిక తీసి, దాటి, మళ్లీ వేసి కట్టాడు. లోపలున్న ఆవు మాట్లాడింది: "మొన్న ఇద్దరు తీసి వదిలేసి పోయారు నాయనా. నా దూడ తోడేలు పాలైంది. నువ్వు చల్లగా ఉండు. ఆ మర్రిచెట్టు రేవు దగ్గర ఏరు లోతు లేదు, అక్కడ దాటు." తరవాత తమలపాకు తోట వచ్చింది. లోపలి నుంచి పోనిస్తావా అని తోటమాలిని అడిగాడు. ముసలాయన తానే ముందు నడిచి దాటించాడు.

ఏడోనాడు పొద్దు వాలే వేళకు జొన్నచేను కనబడింది. సగం చేను నేలకొరిగి ఉంది. మంచె మీద వడిసెల పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది. పేరు పైడమ్మ.

"అమ్మాయీ, చేలో ఒక పూరేడు గూడు వెతుక్కోవాలి. లోపలికి రానిస్తారా?"

"రావద్దు!" అంది పైడమ్మ. "గుర్రాలవాళ్లు సగం తొక్కేశారు. మిగిలింది పాలకంకి మీదుంది. ఇది పోతే ఏడాదంతా మాకు గంజి కూడా లేదు."

 తొక్కింది ఎవరో సుకేతుడికి తెలిసిపోయింది. గట్టవతలే కూలబడ్డాడు. సూర్యుడు తాటిచెట్ల తలలు తాకాడు. తండ్రి గొంతు దాకా రాయి పాకి ఉంటుంది.

అప్పుడొక బాటసారి వచ్చి చెవిలో గుసగుసలాడాడు. "వెర్రివాడా, ఆడపిల్ల ఒక్కతె నిన్నాపుతుందా? ఒక్క ఉరుకులో దూకెయ్. అక్కడ నీ తండ్రి ఊపిరి ఆగిపోతోంది!"

సుకేతుడు లేచి గట్టు మీద కాలు పెట్టాడు.  కళ్లనిండా నీళ్లతో మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"మా నాన్న ప్రాణం పోతున్నా సరే, చేను ఆమెది. వద్దన్నాక వద్దే. మా అన్నలు చేసింది చాలు."

ఆ మాట మంచె మీదికి వినిపించింది. పైడమ్మ గబగబా దిగొచ్చింది. "తండ్రి ప్రాణం మీదికొచ్చిందా? ఆ మాట ముందే చెప్పొద్దూ! ఆ గుర్రాలవాళ్లు రాజు కొడుకులమన్నారు, నువ్వూ రాజు కొడుకువేనా?"

"ఆ మాట చెబితే అడిగినట్టుండదు, ఆజ్ఞాపించినట్టుంటుంది."

ఆమె ఒక్క క్షణం అతడి ముఖం చూసింది. "చెప్పులు విడువు. నేనేసిన చోటే అడుగెయ్."

సాళ్ల మధ్య నడిచారు. ఒక్క కంకి కదల్లేదు. బాటసారి ముఖం నల్లబడింది, పొగై సుడులు తిరిగాడు. ధూమ్రాక్షుడే వాడు! "వద్దు! సగం రాజ్యం నీకే వదిలేస్తాను!" అని అరుస్తూ వెంటబడ్డాడు.

దుబ్బుల అడుగున పూరేడు కళ్లు మిటకరించింది. "మొన్న గుర్రాల అలికిడికి భయపడి గూడు మార్చాను. మీరు వచ్చినట్టే తెలియలేదు. మూడు గుడ్లు నావి. నల్లది నాది కాదు, తీసుకుపో బాబూ."

సుకేతుడు నల్లగుడ్డు అందుకున్నాడు. పొగచేతులు అతడి మెడ చుట్టుకున్నాయి. ఊపిరాడలేదు. సూర్యుడు గోరంత మిగిలాడు. బలమంతా కూడదీసి గుడ్డును నేలకేసి కొట్టాడు. కెవ్వున కేక! మాంత్రికుడు పిడికెడు మసై రాలిపోయాడు. అక్కడ సింగారపురంలో రాజు కనురెప్ప కదిలింది.

సుకేతుడు పైడమ్మను పెళ్లికి అడిగాడు.

"ముందు మీ అన్నలొచ్చి, పాడుచేసిన సగం చేను దున్ని విత్తమను. తరవాత మా నాన్ననడుగు" అంది.

రాకుమారులు నాగలి పట్టారు, అరచేతులు బొబ్బలెక్కాయి. మొలక తలెత్తిన వారానికి పెళ్లి జరిగింది. తండ్రి చిన్నవాడికే పట్టం కట్టగా, సుకేతుడూ పైడమ్మా అరవై ఏళ్లు ఏలారు. వాళ్ల ఏలుబడిలో రాజుగారి సైన్యం సైతం పొలంగట్టు దగ్గర ఆగి, "వెళ్లొచ్చా అమ్మా?" అని అడిగేదట. వద్దంటే చుట్టూ తిరిగి పోయేదట.