గడప లేని ఇల్లు

దగ్గరికి జరగండి. ఆ చివర పడుకున్నవాడు కాళ్ళు ముడుచుకో. నేను చెప్తుంటే ఊ కొట్టాలి. ఊ ఆగితే కథా ఆగిపోద్ది, మళ్ళీ మొదటికి రాను.

అనగనగా రాజుగారి కోట దాటాక ఒక ఊరు. ఆ ఊళ్ళో దానయ్య అని ఒకడు. పేరుకే దానయ్య, వాడి చేతిలోంచి చిటికెడు ఉప్పు రాలదు. వాడి పెళ్ళాం నాంచారి, వాడి తల్లి అచ్చెమ్మ. కూరలో నూనె వేస్తే పెళ్ళాన్ని తిట్టేవాడు, వెయ్యకపోతే తిట్టేవాడు. ఆఖరికి ఒకరోజు చెయ్యి చేసుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. పెద్దల్ని పిలిపించి, నాకీ కాపురం వద్దంది. ఆ ఊళ్ళో విడిపోవాలంటే పెద్దల ముందు చెరో కొస పట్టుకుని గడ్డిపరక తుంచాలి. తుంచారు.

మరి సామాను సంగతేమిటని అడిగారు పెద్దలు. దానయ్య అప్పటికే బిందెలూ గిన్నెలూ ధాన్యమూ మంచాలూ అన్నీ ఇంట్లోకి సర్దేసి ఉన్నాడు. "గడప లోపలిదంతా నాది, గడప బయటిదంతా దానిది" అన్నాడు. పొలమూ ఎద్దులూ అప్పటికి వాడికి లేవులే. పెద్దలు బుర్రలూపారు.

బయటేముంది? పెరట్లో రుబ్బురోలుంది. అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తూ అత్త ఉంది. నాంచారి రోలు దొర్లించుకుంటూ వచ్చి, నువ్వూ గడప బయటే ఉన్నావు గదత్తా అంది. అచ్చెమ్మ ఒళ్ళో తొక్కలు దులుపుకుని లేచింది. కొడుకు వైపు తిరిగి చూడలేదు.

ఊ కొడుతున్నారా?

ఊరి చివర పాకేసుకున్నారు. రోలు కడిగి, పప్పు పోసి, పప్పు రుబ్బి, పిండి తీసి, వడియం పెట్టి, ఎండకేసి, ఎండింది ఎత్తి, ఊరంతా అమ్మి, ఇంటికొచ్చి, మళ్ళీ రోలు కడిగి, పప్పు పోసి... అట్లా ఏళ్ళు గడిచాయి. రాజుగారి వంటింటికి కూడా వాళ్ళ వడియాలే. పాక పోయి పెంకుటిల్లు లేచింది.

ఇల్లంతా కట్టించింది గాని నాంచారి గడప పెట్టించలేదు. వడ్రంగి అరిష్టమన్నాడు. చూడ్డానికొచ్చిన అమ్మలక్కలు, బొట్టులేని మొహంలా ఉందన్నారు. అచ్చెమ్మ శుక్రవారం పూట పసుపు కలిపి తెచ్చేది, రాయడానికి గడపేదీ, గోడకి పూసి వచ్చేది. కొన్నాళ్ళు ఆగత్తా అనేది నాంచారి, ఎందుకో చెప్పేది కాదు. మంచి పని. చెప్పిన మాట కాళ్ళొచ్చి తిరుగుద్ది. మా తోటికోడలికి నా ఇత్తడి గంగాళం సంగతి చెప్పాను, పెళ్ళికని పట్టుకెళ్ళింది. తిరిగివ్వమని అడగలేదు. మర్చిపోనూ లేదు. సర్లే.

దానయ్య ఆ సామానంతా అమ్మి పొలమూ ఎద్దులూ కొనుక్కున్నాడు. చాలదూ? చాల్లేదు. పెంకుటిల్లు చూసి కడుపు మండి రాజు దగ్గరికి పోయాడు. ఆనాడు గడప లోపలిదంతా నాదన్నాను, ఆ మాటకి గడువు పెట్టలేదు, దాని గడప లోపలున్నదీ నాదే, ఇప్పించండన్నాడు. రాజు తెలివిగలవాడేం కాదు. మాట మాటేగా అని, ఆవిడ గడప లోపలున్నదంతా ఇతనికి అప్పజెప్పమని భటుల్ని పంపాడు. ఇల్లు పోద్ది, రోలు పోద్ది, అత్తాకోడళ్ళు వీధిన పడతారు.

భటులు వెళ్ళారు. గడప వెతికారు. ముందు వైపు లేదు, వెనక వైపు లేదు. గడప లేకపోతే లోపలేది, బయటేది? తిరిగొచ్చి అదే చెప్పారు. గోడలున్నాయి గదా అని దానయ్య ఎగిరాడు.

"గోడ అనలేదురా నువ్వు, గడప అన్నావు" అందెవరో వెనకనుంచి. చూస్తే అచ్చెమ్మ. కోడలితో పాటు కోటకొచ్చి నిలబడింది.

నాంచారి రాజుకి దణ్ణం పెట్టింది. ఆ మాట ఇంకా చెల్లుద్దంటే సరే మహారాజా, అయితే రెండో సగమూ చెల్లాలి, గడప బయటిదంతా నాదంది. ఈయన పొలం బయటే ఉంది. ఎద్దులు బయటే ఉన్నాయి. గడ్డివాము బయటే, కాళ్ళకున్న చెప్పులు బయటే, భుజం మీద కండువా బయటే.

"ఆ లెక్కన ఈయనా ఇప్పుడు తన గడప బయటే ఉన్నాడు. పొలమూ ఎద్దులూ తీసుకుంటాను. ఈయన్ని మాత్రం తమరే ఉంచుకోండి."

సభంతా నవ్వింది. దానయ్య కండువా గట్టిగా పట్టుకుని, ఆ మాట ఆ రోజుతోనే అయిపోయింది మహారాజా అన్నాడు. అందరికీ వినపడేట్టు మళ్ళీ చెప్పమన్నాడు రాజు. చెప్పాడు. అయితే ఇంక ఆవిడ గుమ్మం తొక్కకని పంపేశాడు.

తెల్లారి నాంచారి వడ్రంగిని పిలిపించి గడప పెట్టించింది. అచ్చెమ్మ దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొత్తకోడల్లా కుడికాలు ముందేసి లోపలికెళ్ళింది. దానయ్యా తన ఎద్దులతో తను బాగానే ఉన్నాడు.

అందుకే, విడిపోయేటప్పుడు ఆడిన మాట ఎన్నాళ్ళదో అప్పుడే తేల్చుకోవాలి. ఏళ్ళు పోయాక వచ్చి అడిగితే మర్యాదగా ఉండదు.

ఏంట్రా? గంగాళమా? దాని సంగతి వేరు. దానికి గడువు లేదు.

కథ కంచి దారి పట్టింది. మీరు దుప్పట్లోకి దూరండి.