నక్క సర్దిన జాబితా

నల్లకొండ అడవిలో ఒక ఎండాకాలం జంతువులు నీళ్ల కోసం కొట్లాటలు మాని వంతులు పెట్టుకున్నాయి. ఏ రోజు ఏ కుంటకు తూము తెరుచుకోవాలో చెప్పే ప్రోగ్రాం కొండగుహలోని సర్వర్‌లో ఉంది. ఆ ప్రోగ్రాం, దాంట్లో ఎవరు ఏం మార్చారో చెప్పే చరిత్ర, రెండూ ఉండే చోటును రిపాజిటరీ అనేవి. జంతువులు ఎక్కడివక్కడే ఉండి, దూరం నుంచే సర్వర్‌కు చేర్చే ఎస్‌ఎస్‌హెచ్ అనే దారిలో అందులోకి వెళ్లేవి. అన్నిటికీ కలిపి ఒకటే తాళంచెవి. బుద్ధిలేని ఏర్పాటు! పైగా దానికి స్నేహమని పేరు.

ఒక వారం తాబేలు కుంట వంతు మాయమైంది. నీళ్లు అడుగంటాయి. తాబేలు పాక్కుంటూ గుహకొచ్చింది.

"అన్నా, నా వంతు ఎవరు తుడిచారు?"

సర్వర్ కాపలా ముసలి ఎద్దుది. అది చరిత్ర తిరగేసింది. "'అడవి' అని ఉందమ్మా. అందరం ఆ పేరుతోనే కదా వెళ్లేది."

"అంటే అందరూ తుడిచారనా, ఎవరూ తుడవలేదనా? ఈ శుక్రవారం కూడా తూము తెరుచుకోకపోతే నా పదకొండు పిల్లలూ బురదలో దొరికిపోతాయి. ఆ నక్క అప్పుడే గట్టు మీద కూర్చుని మూతి నాక్కుంటోంది."

ఎద్దు ఆ రోజే అందరినీ పిలిచింది.

"పాత చెవి ఇక చెల్లదు. ఎవరి జత వాళ్లు చేసుకోండి. జతలో ఒకటి తాళం, ఒకటి చెవి. ఇనుపవి కాదు, కంప్యూటర్‌లో తయారయ్యే అక్షరాలు. తాళం నాకివ్వండి, గుమ్మానికి తగిలిస్తా. చెవి మీ దగ్గరే ఉండాలి. నేనడిగినా ఇవ్వొద్దు."

నక్క ఆవులించింది. "మామా, మా మీద ఇంత అనుమానమా?"

"అనుమానం కాదురా అల్లుడూ. రేపు ఏదైనా చెడితే నీ పేరు ఊరికే నలగకూడదు కదా."

నక్క తన జతను మేక చేత చేయించుకుంది. ఏది గుమ్మానికో, ఏది తన దగ్గర దాచుకోవాలో వినను కూడా లేదు.

ఎద్దు తాబేలు వంతును మళ్లీ ప్రోగ్రాంలో పెట్టి, ఎవరికి ఏ హక్కో చెప్పే జాబితా ఒకటి రాసింది. వంతులు అందరూ చదవొచ్చు. మార్చేది మాత్రం ఎద్దు, తాబేలు, మేక. ఆ జాబితానూ, అందరి తాళాలనూ వేరే చిన్న రిపాజిటరీలో పెట్టింది. దాన్ని మార్చే హక్కు ఎద్దు ఒక్కదానిదే.

రెండు రోజులకు నక్క వచ్చింది. "మామా, నీకు కళ్లు ఆనడం లేదు. కిందటేడు వలసపోయిన కొంగల పేర్లు కూడా జాబితాలో ఎక్కించావు. నాకివ్వు, సర్దిపెడతా. వంతుల జోలికి పోను, ఒట్టు."

"అన్నా, వద్దు!" అంది పక్కనే ఉన్న తాబేలు.

"పేర్లు సర్దడమేగా తల్లీ. వంతులు మార్చే హక్కు నేనివ్వడం లేదు కదా," అని ఎద్దు జాబితా మార్చే హక్కు నక్కకిచ్చింది.

ఎంత తెలివితక్కువ మాట! హక్కులు రాసే కాగితమే చేతికిచ్చాక ఇవ్వని హక్కంటూ ఇంకేం మిగిలింది?

గురువారం మధ్యాహ్నం నక్క జాబితా తెరిచింది. కొంగలతో పాటు, ఎద్దు పేరు తప్ప అందరి పేర్లూ కొట్టేసింది. తన పేరు కూడా. నింద ఎద్దు మీద పడాలని ఎద్దు పేరుతో కొత్త జత చేసుకుంది. ఈసారి మేకను పిలవలేదు, పిలిస్తే గుట్టు బయటపడుతుంది. అదే మార్పులో ఎద్దు తాళం తీసేసి, జతలో ఒకటి దాని చోట గుమ్మానికి తగిలించి, రెండోది పట్టుకుని వంతులు మార్చబోయింది.

తలుపు తెరుచుకోలేదు. పదిసార్లు ప్రయత్నించింది. చివరికి మేక దగ్గరికి పరిగెత్తింది.

"మేకక్కా, మాటవరసకు అడుగుతున్నా. గుమ్మానికి తగిలించేది చెవే కదా?"

మేక నమలడం ఆపింది. "చెవి గుమ్మానికి తగిలిస్తే నీ చేతిలో మిగిలేది తాళం. దాంతో ఏం తెరుస్తావు? అవునూ, పొద్దున తెరుచుకున్న తలుపు నాకిప్పుడు తెరుచుకోవడం లేదు. ఏం చేశావురా నువ్వు?"

మేక అరుపుకి ఎద్దు లేచింది. ఉండేది గుహలోనే కాబట్టి దానికి దూరపు దారితో పనిలేదు. నడిచివెళ్లి సర్వర్ ముందు కూర్చుని చరిత్ర పైకి చదివింది: "జాబితా మార్చింది, నక్క. గురువారం మధ్యాహ్నం." పేరు జాబితాలోంచి పోయింది గానీ చరిత్రలోంచి పోలేదు.

"తప్పు నాదేనమ్మా," అంది ఎద్దు, అరుపు విని వచ్చిన తాబేలుతో. జాబితానూ తాళాలనూ మునుపటిలా నిలబెట్టింది, నక్క పేరు ఒక్కటి తప్ప.

"మామా, వంతులు చదువుకోవడానికైనా ఉంచవా?" అంది నక్క.

"చదవడమెందుకురా? రేపు గట్టు మీదికొచ్చి కళ్లారా చూసుకో."

శుక్రవారం తూము తెరుచుకుంది. కుంటలో పదకొండు చిన్న తలలు నీళ్ల పైకి లేచాయి. నక్క గట్టు మీదే ఉంది, ఈసారి మూతి నాక్కోకుండా.

తలుపు తీసే హక్కు పదిమందికీ ఇవ్వండి, కానీ ఆ హక్కులు పంచే జాబితాను పక్కవాడి చేత సర్దించుకోకండి.