గాలిదిబ్బ బేరం

అడవి అంచున మనుషుల గోల్ఫ్ మైదానం ఒకటుంది. టోపీలు పెట్టుకుని వచ్చి, చిన్న తెల్లబంతిని కర్రతో బాది, అదెక్కడ పడిందో వెతుక్కుంటూ తిరగడం మనుషులకి సరదా. అడవిలో జంతువులకి మాత్రం అది సరదా కాదు, తీర్పు. ఎండలు ముదిరితే వాగంతా ఎండి కొంగరేవులో మాత్రమే నీళ్లు మిగులుతాయి. రేవు కోసం కొమ్ములూ కోరలూ విరగ్గొట్టుకుని విసిగిపోయి, పెద్దలు ఓ కట్టుబాటు చేశారు. ఇవతలి ఒడ్డునుంచి బంతి కొట్టాలి. అవతల రెండు బండల మధ్య ఎవరి బంతి ముందు పడితే ఆ వేసవికి రేవు వాళ్లది. మిగతావాళ్లు వాళ్ల దయ మీద తాగాలి. కుడిపక్కన మొసలి మడుగు ఉంది. అందులో పడ్డ బంతిని తిరిగి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నిరుడు ఎద్దు పుల్లన్న బంతి ఆ మడుగులోనే పడింది. రేవు అడవిపందుల పాలైంది. అవి పొర్లి మిగిల్చిన బురద తాగి పుల్లన్న మందలో లేగదూడలు చచ్చిపోయాయి. ఆ తల్లుల అరుపులు పుల్లన్న చెవుల్లోంచి ఇంకా పోలేదు. ఈసారి మంచి డ్రైవర్ కొనాలనుకుంది. డ్రైవరంటే బండి తోలేవాడు కాదు, బంతిని దూరం కొట్టే పెద్ద తలకాయ కర్ర.

మనుషులు పారేసిన డ్రైవర్లని నక్క ఏరుకొచ్చి, తోకతో తుడిచి, గాలిదిబ్బ మీద పరిచి అమ్ముతుంది. పుల్లన్న దిబ్బ ఎక్కేసరికి మేక సింగారి అక్కడ గొడవ పెట్టుకుని ఉంది.

"నక్క మామా, నీ దగ్గర కొడితే తిన్నగా పోయింది. మా గుట్ట దగ్గర కొడితే కుడికి తిరిగి ముళ్లపొదలో పడుతోంది. ఏం కర్ర అమ్మావయ్యా నాకు?"

"ఆడలేక మద్దెల ఓడందట," అని నక్క పళ్లికిలించింది. "ఏదీ, ఇక్కడ మళ్లీ కొట్టు."

మేక కొట్టింది. బంతి గీత గీసినట్టు తిన్నగా పోయింది. సింగారి కర్రని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా బంతీ కుడికే పోతుంది," అంది పుల్లన్న. "కాడికి వలపట, అంటే కుడిపక్క, కట్టిన మెడ నాది. రైతు ట్రాక్టర్ కొని నన్ను వదిలేసినా, మెడ మాత్రం కొట్టేటప్పుడు బయటికే తిరుగుతుంది. ఈ వయసులో మెడ మారదు, కర్ర మారాలి."

"ఆ రోగాన్ని స్లైస్ అంటారు పుల్లన్నా. మందు ఇదిగో." నక్క నల్లగా నిగనిగలాడే డ్రైవర్ ముందు పెట్టింది. "చిరుతపులి వాడింది. ఒకే చేతి మీద నడిచింది. నీకు కాబట్టి తక్కువకిస్తా. వానాకాలమంతా నన్ను వీపు మీద తిప్పు, చాలు."

"ముందు కొట్టి చూడనీ."

పుల్లన్న కర్రని నోట కరిచి మెడ విసిరింది. బంతి తిన్నగా పోయింది. నక్క మీసం దువ్వుకుంది. పుల్లన్న మాత్రం తోక ఆడిస్తూ నిలబడింది. తోక ఎడమ డొక్క మీదే పడుతోంది, ఎందుకంటే ఈగలన్నీ అటే ఉన్నాయి. కుడి డొక్క మీద ఒక్కటీ నిలవడం లేదు. ఎద్దుకి గాలి ఎటునుంచి వస్తోందో ఈగలు కాక ఇంకెవరు చెబుతారు?

"ఆ మూలన పడున్నదేంటి?"

"అదా? పాత మొద్దు. నిండా గీతలు. తలకాయ ముఖం లోపలికి తిరిగుంది, కర్ర దిగే మడమ దగ్గర బరువెక్కువ. నువ్వే కొట్టి చూడు."

పుల్లన్న కొట్టింది. బంతి ఎడమకి కొట్టుకుపోయి తుమ్మచెట్టుకి తగిలింది. నక్క పడీపడీ నవ్వింది.

"దీని ధరెంత?" అంది పుల్లన్న.

నక్క నవ్వు ఆపి ఎగాదిగా చూసింది. "నా కలుగుకి అడ్డంగా ఓ బండరాయి ఉంది. తోసెయ్, తీసుకుపో."

"తోస్తా. పిడికి కొత్త తోలు నువ్వు చుట్టించాలి."

"పీడ వదిలింది, చుట్టిస్తాలే."

దిబ్బ దిగుతుంటే సింగారి ఉండబట్టలేకపోయింది. "మతిపోయిందా అన్నా? తిన్నగా పోయేదాన్ని వదిలి ఎడమకి పోయేది కొన్నావు."

"చెల్లీ, దిబ్బ మీద గాలి కుడినుంచి ఎడమకి తోస్తోంది. అంత గాలి తోస్తే గానీ తిన్నగా పోలేదంటే, ఆ నిగనిగలాడేది గాలి లేనిచోట ఎటు పోతుంది?"

సింగారి నడక ఆపేసింది. "కుడికి. నా దానిలాగే."

"మరి దిబ్బ గాలికి ఎడమకి పోయిన ఈ పాతది, గాలి లేనిచోట?"

"తిన్నగా," అంది సింగారి, తన కర్రవంక కోపంగా చూస్తూ.

అమ్ముడుపోని నల్లడ్రైవర్‌తో నక్క రోజూ దిబ్బ మీదే సాధన చేసింది. రేవు చేతికొస్తే గుక్కకో ఊడిగం చేయించుకోవాలని దాని ఆశ. బంతి కొట్టేముందు పక్కచూపు చూడడం నక్కల అలవాటు కదా, అలా చూసినప్పుడల్లా బంతి కుడికే తిరగాలి. దిబ్బ మీద తిరగలేదు. మొదట్లో గాలి సంగతి దానికి గుర్తుండేది. రానురాను అదంతా తన చేతివాటమే అనుకుంది.

పందెం రోజు అడవంతా రేవు దగ్గర చేరింది. చుట్టూ కొండబండలు, ఆకు కదలడం లేదు. తీర్పరి కొంగ ఒంటికాలి మీద నిలబడి, "మొదటి వంతు ఎవరిది?" అంది.

"నాదే. నా తర్వాత ఎవరికీ పనుండదు," అని నక్క ముందుకొచ్చింది. పక్కచూపు చూసి కొట్టింది. బంతి లేచింది, కుడికి ఒంగింది, మడుగులో బుడుంగుమంది. మొసలి ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

"ఇదేం చోటు? ఇక్కడ గాలేదీ?" అని నక్క నోరు జారింది.

"గాలి కూడా కర్రతో పాటు ఇస్తావనుకున్నాం మామా," అంది సింగారి. దిబ్బ మీద కర్రలు కొన్నవాళ్లంతా నక్క వైపు తిరిగారు.

పుల్లన్న వంతు వచ్చింది. వెనక ఆవులు నెమరు ఆపేశాయి. ఎంత ధీమాగా కొన్నా, గీతలు పడ్డ ఆ కర్రని కరిచినప్పుడు పుల్లన్న ఓసారి మడుగు వైపు చూడకుండా ఉండలేకపోయింది. మెడ విసిరింది. మెడ ఎప్పటిలాగే బయటికి తిరిగింది. బంతి మాత్రం తిరగలేదు. వాగు దాటి రెండు బండల మధ్య పడింది.

కొంగ రెండో కాలు కూడా దించి, "రేవు పుల్లన్న మందది," అంది.

మధ్యాహ్నానికి నక్క నాలుక బయటపెట్టుకుని వచ్చింది. "బావా, ఒక్క గుక్క."

"తాగు. నీళ్లకి వెల కట్టడం మాకు చేతకాదు. కానీ దూడలు తాగాక."

దూడలు నిదానంగా తాగాయి. అంతసేపూ నక్క, కర్రలు తుడిచిన తోకతోనే ఈగలు తోలుకుంటూ ఎండలో నిలబడింది.

నీతి: పదిమందినీ నమ్మించడానికి రోజూ చెప్పే అబద్ధాన్ని చివరికి నమ్మేది చెప్పినవాడే.