ఉభయకుశలోపరి

రాయసం వల్లభయ్యకు ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పడు. మాచనగిరి కోటలో రాతకోతలన్నీ ఆయన చేతిమీదుగా నడిచేవి. రహస్యపు రాతలు నేర్చుకునే శిష్యులు నలుగురైదుగురు ఎప్పుడూ ఆయన చుట్టూ ఉండేవారు. ఎవరైనా సందేహం అడిగితే సాంతం విని, వక్కపలుకు నోట్లో వేసుకుని, అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయించేవాడు. ఆ పని చూసుకుని తిరిగొచ్చేసరికి సందేహం తీరేది, లేదా ఇంకా పెద్దదయ్యేది. ఆయనకు రెండూ సమ్మతమే.

సింగన అడిగిన ప్రశ్న ఇది: "గురువుగారూ, రాసినవాడూ అందుకున్నవాడూ తప్ప ఇంకెవరూ విప్పలేని రాత ఉంటుందా అండీ?"

ఊరికే అడిగింది కాదు. సింగన అన్న అహోబలుడు ఏడాదిగా శత్రువుల కోటలో పురాణం చెప్పుకుంటూ, అక్కడి గుట్టుమట్లు ఇక్కడికి చేరవేస్తున్నాడు. అమావాస్యకల్లా ఆ కోట మీదికి దండు నడుస్తుంది. ఈలోగా బయటపడమని అతనికి కబురందాలి. కబురు మోసే తాటాకు కమ్మ దారిలో పట్టుబడి, దాన్ని ఎవరైనా చదివారంటే అహోబలుడి తల ఉండదు. ఆ కమ్మ రాసే పని వల్లభయ్య సింగనకే అప్పగించాడు.

సింగన ఆషామాషీగా రాయలేదు. ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి ఆడపిల్లలు మాట్లాడుకునే క-భాష అతనికి చిన్నప్పుడే వచ్చు. కవర్గం బదులు టవర్గం, చవర్గం బదులు తవర్గం వేసి రాసే పాతకాలపు పద్ధతి గురువు దగ్గర మొదటి నెలలోనే నేర్చాడు. వాటితో చిక్కేమిటంటే, పద్ధతి బయటపడితే రహస్యమూ బయటపడ్డట్టే. అందుకని వానాకాలమంతా కూర్చుని, గుణింతాలకూ ఒత్తులకూ విడివిడిగా మూడువందల పైచిలుకు కొత్త గుర్తులు కల్పించాడు. ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టీలు రెండే రెండు. ఒకటి తన బొడ్డున ఉంది, రెండోది కిందటి నెల అన్నకు చేరింది. పద్ధతి లోకమంతా తెలిసినా ఫరవాలేదు, తాళంచెవి లాంటి ఆ పట్టీ దొరక్కపోతే చాలు. మాటిమాటికీ వచ్చే గుర్తులను లెక్కపెట్టి గుట్టు విప్పేవాళ్ళుంటారని విని, కమ్మను వీలైనంత పొట్టిగా కూడా రాశాడు. ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఒక్క ముక్క చదవలేడని అతని ధీమా.

వల్లభయ్య కమ్మను ఇటూ అటూ తిప్పి చూశాడు.

"వేగులవాడు బయల్దేరేది రేపు పొద్దున కదా. ఈలోగా దీన్ని మా అత్తకి చూపించి రా. ఉత్తరమని చెప్పు. ఇంకేం చెప్పకు."

పేరిందేవమ్మ ఆయన మేనత్త. దండుకు వెళ్ళిన సిపాయిల భార్యలకు నలభై ఏళ్ళుగా ఉత్తరాలు రాసిపెడుతూ, వచ్చినవి చదివిపెడుతూ ఉన్న మనిషి. రహస్యపు రాత అనేదొకటి ఉంటుందని ఆవిడకు తెలిసి ఉండదు. వానాకాలపు శ్రమంతా తీసుకెళ్ళి ఒక ముసలావిడ ముందు పెట్టమన్నందుకు సింగనకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి పెట్టాడు.

ఆవిడ కమ్మను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. నవ్వలేదు, విసుక్కోలేదు.

"ఉత్తరమేనా నాయనా?"

"ఉత్తరమేనండీ."

"అయితే మొదటిది శ్రీ."

ఆవిడ గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకుని, గుర్తుకొకటి చొప్పున పేర్చుకుంటూ, సిపాయి భార్యకు చదివి వినిపిస్తున్నంత తాపీగా సాగింది. "శ్రీ తర్వాత ఫలానా గారికి నమస్కారములు అనాలి. ఆ వెంటనే ఉభయకుశలోపరి. అవి లేని ఉత్తరం పుట్టి బుద్ధెరిగి నేను చూడలేదు." వేలితో లెక్కపెట్టింది. "ఐదోదీ ఇరవయ్యోదీ ఒకటే గుర్తు. 'గారికి'లో రి, 'కుశలోపరి'లో రి. సరిపోయింది కదూ?"

సరిపోయింది. ఒక్క మర్యాద మాటతో పదిహేడు గుర్తులు ఆవిడ చేతికి వచ్చేశాయి.

"ఇక ఎవరికి రాసిందీ అని. ఉన్నవి రెండక్షరాలు. మామగారైతే రెండోది 'నమస్కారములు'లోని మ కావాలి, కాదు. కిందికొస్తే 'ఉ' పక్కన మళ్ళీ ఈ రెండోదే ఉంది. 'ఉన్న' అయ్యుంటుంది. అంటే ఇది 'న్న'. నాన్నగారికైతే పాదపద్మములకు అని రాస్తాం, కాబట్టి అన్నగారికి." పిక్కలు పక్కకు నెట్టింది. "తక్కినది భోంచేశాక చూస్తాను. ఎవరో తమ్ముడు అన్నకి రాసుకున్నాడు. పాపం, మర్యాద తెలిసిన పిల్లాడు."

సింగన కమ్మ పట్టుకుని తిరిగొచ్చాడు. అతనికి భయం వేసింది. అంతకు మించి సిగ్గు వేసింది.

"లోపలి సంగతి ఇంకా చదవలేదండీ," అన్నాడు, అదే ఊరట అన్నట్టు.

"చదవనక్కర్లేదుగా," అన్నాడు వల్లభయ్య. "ఆ కోటలో, ఊళ్ళో తమ్ముణ్ణి వదిలొచ్చానని చెప్పుకునే పైఊరివాళ్ళు ఎందరుంటారు?"

పురాణం మధ్యలో ఆగి తమ్ముడి ముచ్చట్లు చెప్పుకోవడం అహోబలుడికి అలవాటు. కనీసం వారానికొకసారైనా తన పేరు ఆ కోటలో వినపడుతుందని సింగనకు తెలుసు, అది తలుచుకుని మురిసిపోయేవాడు కూడా.

వల్లభయ్య పాత కమ్మను పొయ్యిలో వేయించి, కొత్త తాటాకూ గంటమూ తెచ్చి అతని ముందు పెట్టాడు.

"అసలు సంగతితో మొదలుపెట్టు."

"శ్రీ?"

"వద్దు."

"నమస్కారమైనా..."

"వద్దు."

సింగన గంటం అందుకున్నాడు. మళ్ళీ కింద పెట్టాడు. పైన శ్రీ లేకుండా, కుశలం మాట ఎత్తకుండా మొదలయ్యే కమ్మ లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని గుమ్మం బయటే చదివి, అక్కడే చించేసి, తలస్నానం చేసి ఇంట్లోకి వస్తారు.

"అలా రాసేది చావు కబురండీ," అన్నాడు. "మా అన్నకి నా చేత్తో చావు కబురు రాయలేను."

వల్లభయ్య తాటాకును మరికాస్త అతని ముందుకు జరిపాడు.

"ఇందాక పొయ్యిలో పడింది అదే నాయనా."