మొదటి మాట

కూర్మయ్య మాస్టారు ఏ ప్రశ్నకూ ఔననీ కాదనీ చెప్పేవారు కాదు. అడిగినవాళ్ళకు పీట వేసి, ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకుంటున్న దమయంతి, ఒక సాయంత్రం బడి వదిలాక అడిగింది.

"పిల్లలు చదువుతూ చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోతారు మాస్టారూ. ఆ మొహాలు చూడలేను. గబుక్కున మాట అందించేస్తాను. పసివాళ్ళ మీద జాలిపడటం తప్పా?"

మాస్టారు పీట వేసి కూర్చోమన్నారు. ఆ తరువాత గున్నమ్మ సంగతి ఎత్తుకున్నారు.

జీడితోటల మధ్య చిన్న ఊరు. గున్నమ్మ మూడో తరగతి. తల్లి జబ్బుచేసి పట్నం ఆసుపత్రిలో ఉంటే, అమ్మమ్మ సింహాలమ్మ దగ్గర ఉంటోంది. బడిలో ఆ పిల్ల చదువుతుంటే వినడానికి ముచ్చటగా ఉండేది. పంతులు మొదటి మాట అందించేవాడు. అది అందుకుని పాఠమంతా గడగడా చెప్పేసేది. వేలు ఒక వరస మీదా, నోరు మరో వరస మీదా ఉన్న సంగతి ఎవరూ చూడలేదు.

ఒకనాడు ఆసుపత్రి నుంచి కార్డు వచ్చింది. పక్కింటివాళ్ళు చదివిపెడతామన్నారు. సింహాలమ్మ ఇవ్వలేదు.

"మా గుంట గున్నమ్మ ఉండగా ఒకరి గుమ్మం ఎక్కుతానేటి? సదువే అమ్మా, మీ అమ్మ ఏటంటందో!"

పుట్టి బుద్ధెరిగి అక్షరం ఎరగని మనిషికి, తాను ఎత్తుకు పెంచిన పిల్ల నోట కూతురి కబురు వినడమంటే మాటలా! చెంగుతో మొహం తుడుచుకుని మరీ కూర్చుంది.

గున్నమ్మ కార్డుకేసి చూసింది. మొదటి మాట ఎవరైనా అంటారేమోనని ఆగింది. ఎవరూ అనలేదు. అమ్మమ్మ కళ్ళు తన పెదవుల మీదే ఉన్నాయి. ఇక చేసేది లేక, తనకు వచ్చిన పాఠమే మొదలెట్టింది.

"వానలు బాగా కురిశాయి. పొలాలు పచ్చగా ఉన్నాయి. అందరూ సుఖంగా ఉన్నారు."

"అయితే దానికి నయమైపోనాదే!" అంటూ ముసలమ్మ ఆ కార్డును కళ్ళకద్దుకుని చూరులో దోపింది.

పది రోజుల తరువాత పంతులు అటుగా పోతుంటే ఆమే పిలిచింది. "మా గుంట సదివిందనుకోండి. ఆ వాన కబురు మీ నోట ఇంకోపాలి ఇనాలనుంది బాబూ."

ఆయన కార్డు అందుకున్నాడు. గురువారం లోపల రండి, పిల్లను చూడాలని కలవరిస్తోంది, అని ఉంది అందులో. ఆ గురువారం వెళ్ళి అప్పటికి వారమైంది. ఉన్నపళంగా ముగ్గురూ బస్సెక్కారు. వెళ్ళేసరికి ఆసుపత్రిలో తల్లి మంచం మీద మరో మనిషి ఉంది.

తిరుగు బస్సులో సింహాలమ్మ ఆ కార్డును చెంగున ముడివేసుకుని కూర్చుంది. పంతులు పిల్లను దగ్గరకు తీసుకుని, చదవడం రాదని ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాడు. గున్నమ్మ అతని మొహంలోకి వింతగా చూసింది.

"మీరు మొదటి మాట చెప్పలేదు కదండీ."

 బయట వెలుతురు తగ్గిపోతోంది. దమయంతి, "ఆ పంతులు తరవాత ఏంచేశాడు మాస్టారూ?" అంది.

"ఇప్పటికీ పిల్లలు ఆగినప్పుడల్లా నాలుక చివరికి మాట వచ్చేస్తుందమ్మా," అన్నారు కూర్మయ్య మాస్టారు. "మింగుతాను."