ఏ లైను, బాబూ?

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదులే కన్నా, ఊరూరా కరెంటు స్తంభాలు పాతేసిన తర్వాతి సంగతే. సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో పైడితల్లి అని ఒకావిడ ఉండేది. యాభై ఏళ్ళుంటాయి. చదువు లేదు. చెవులు మాత్రం మహా చురుకు.

ఆ ఊరి చివర సబ్‌స్టేషన్ ఉంది. అంటే చుట్టుపక్కల ఊళ్ళకి కరెంటు పంచిపెట్టే చోటన్నమాట. పైడితల్లి అక్కడ ఊడ్చి, తుడిచి, కుండలో మంచినీళ్ళు నింపి పెట్టేది. లోపల స్విచ్చుల ముందు కూర్చునే ఆపరేటరు మాధవరావు. స్తంభాలెక్కి తీగలు బాగుచేసే లైన్‌మన్ గురువులు. ఇద్దరూ మంచివాళ్ళే. మాధవరావుకి కాస్త వేళాకోళం ఎక్కువ, అంతే.

పైడితల్లి పనిలో చేరిన మొదటి రోజే ఫోను మోగింది. గదిలో ఎవరూ లేరు. ఎత్తింది. అవతల ఎవరో పెద్దాయన, "లైన్లో ఉండమ్మా" అన్నాడు. పైడితల్లికి తెలిసిన లైను రేషన్ షాపు ముందు నిలబడే లైను ఒక్కటే. అందుకే ఫోను బల్ల మీద పెట్టి, వాకిట్లోకి వచ్చి, ఎక్కడ నిలబడాలా అని చూసింది. మాధవరావు వచ్చి సంగతి తెలుసుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మాధవరావు హాజరు పుస్తకం ముందుకి తోసి, తలెత్తకుండానే, "పై లైను మీద వేలిముద్ర వెయ్యి" అన్నాడు. పైడితల్లికి గుండె ఝల్లుమంది. కిటికీలోంచి పైకి చూసింది. పైన తీగలు గుయ్యిమంటున్నాయి. వాటి మీద వేలు పెడితే ఇంకేమన్నా ఉందా! పుస్తకంలో గీతని కూడా లైనే అంటారని అప్పుడు చెప్పారు. ఈసారి వాకిట్లో వాళ్ళు కూడా నవ్వారు.

మూడోసారి ఆవిడే అడిగింది. ఒకరోజు గురువులు స్తంభం ఎక్కడానికి బయల్దేరుతూ "లైన్ క్లియర్ తీసుకుంటున్నా" అని మాధవరావుకి చెప్పాడు. "అదేం లైను బాబూ?" అని అడిగింది పైడితల్లి.

గురువులు మాత్రం నవ్వలేదు. చెప్పులు వేసుకోబోయినవాడు ఆగి, నిదానంగా చెప్పాడు. తను ఏ తీగ మీద పని చెయ్యాలో ఆ తీగకి ఇక్కడ కరెంటు ఆపేస్తారట. దాన్నే లైన్ క్లియర్ తీసుకోవడం అంటారట. పని అయ్యాక తను కిందకి దిగి, ఫోను చేసి, తిరిగి ఇచ్చేస్తాడట. అప్పుడే ఇక్కడ స్విచ్చు వేస్తారట.

"ఈలోగా ఎవరైనా వేసేస్తే?" అని అడిగింది పైడితల్లి.

"మా ఆవిడకి కబురు పెట్టాలక్కా" అన్నాడు గురువులు.

ఆ రాత్రి అన్నం తింటూ కూడా పైడితల్లి అదే అనుకుంది. ఫోనులో మాటకీ అదే పేరు, కాగితం మీద గీతకీ అదే పేరు, బియ్యం కోసం నిలబడ్డ జనానికీ అదే పేరు, మనిషిని చంపే తీగకీ అదే పేరు. ఎవరి లైను వాళ్ళకి తెలుసు గాబోలు. మర్నాటినుంచి ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. నవ్వించుకోవడం ఎందుకులే అనుకుంది. ఎవరైనా ఆ మాట అన్నప్పుడల్లా లోపల మాత్రం, ఇది ఏ లైనా అని తడుముకునేది.

వింటున్నావా? కళ్ళు మూసుకునే విను.

ఆ తర్వాత కార్తీకంలో తుఫాను వచ్చింది. ఒక రాత్రి, ఒక పగలు వీచి వీచి పోయింది. స్తంభాలు ఒరిగాయి, తీగలు తెగాయి. ఊళ్ళో మంచినీళ్ళ మోటారు ఆగిపోయింది. మొదటి రోజు జనం ఓర్చుకున్నారు. రెండో రోజు గొణిగారు. మూడో రోజు పొద్దున్నే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని సబ్‌స్టేషన్ గేటు దగ్గరికే వచ్చేశారు. అందులో పైడితల్లి కోడలు కూడా ఉంది, చంకలో పిల్లతో.

మాధవరావు రెండు రోజులుగా ఇంటికి పోలేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దున్నే గురువులు లైన్ క్లియర్ తీసుకుని, కాలవ అవతల తెగిన తీగ కలపడానికి వెళ్ళాడు. అది కలిస్తే మోటారు తిరుగుతుంది. పదకొండయింది, పన్నెండయింది. పై ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. గేటు దగ్గర కేకలు.

అప్పుడు మాధవరావు గురువులికి ఫోను చేశాడు. పైడితల్లి గది తుడుస్తూనే ఉంది. ఆయన మాటలే ఆవిడకి వినబడ్డాయి. "హలో, ఎవరూ? లైన్ క్లియరేనా? ఆ? క్లియరేనా? సరే సరే." ఫోను పెట్టేసి లేచి, "హమ్మయ్య" అంటూ స్విచ్చుల వైపు నడిచాడు.

పైడితల్లి గుడ్డ కింద పడేసింది.

"మాటాడింది గురువులేనా బాబూ?"

కాదు, ఎవరో రైతు ఎత్తాడు, లైన్ క్లియరేనా అంటే క్లియర్‌గానే ఉందన్నాడు, అని చెప్పాడు మాధవరావు నడుస్తూనే.

"ఏ లైను, బాబూ?"

మాధవరావుకి విసుగొచ్చింది. ఇప్పుడా నీ లైన్ల గొడవ, తప్పుకో అన్నాడు. పైడితల్లి తప్పుకోలేదు. వెళ్ళి స్విచ్చుల ముందు నిలబడింది. ఆయన మొదట బతిమాలాడు. ఆ తర్వాత కసిరాడు. ఆ తర్వాత, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. గేటు దగ్గర నిలబడి కిటికీలోంచి అంతా చూస్తున్న ఆడవాళ్ళు, వచ్చే కరెంటుకి ఇదెవత్తి అడ్డం అని తిట్టారు. పైడితల్లి కోడలు సిగ్గుతో తలదించుకుంది.

పైడితల్లి అక్కణ్ణించి కదల్లేదు.

"నవ్వుకుంటే నవ్వుకోండి బాబూ. మానిపిస్తే మానిపించండి. ఇంకొక్కసారి ఫోను చెయ్యండి. ఈసారి ఆ మాట అనకుండా అడగండి. గురువులు ఎక్కడున్నాడని అడగండి, చాలు."

మాధవరావు ఆవిడ మొహంలోకి చూశాడు. ఏమనిపించిందో, వెనక్కి వెళ్ళి ఫోను తీశాడు. ఒకసారి మోగి ఆగిపోయింది. రెండోసారి మోగి ఆగిపోయింది. మూడోసారి రైతు ఎత్తాడు. ఎర్నాయుడని, ఆ పొలం ఆయనదే. గురువులు విప్పి గట్టున పెట్టిన చొక్కాలో ఫోను మోగుతుంటే పాపం ఆయనే తీస్తున్నాడు. హోరుగాలికి గట్టిగా అరిచి మాట్లాడుతున్నాడేమో, ఆ మాట పైడితల్లికి కూడా వినబడింది.

"గురువులా? స్తంభం మీదే ఉన్నాడు బాబూ, రెండు చేతులా తీగ పట్టుకుని. ఇందాక చెప్పాను కదా, లైను బాగుంది, మీ మాట నాకు క్లియర్‌గానే వినిపిస్తోందని."

మాధవరావు ఫోను పెట్టలేదు. అలాగే చేత్తో పట్టుకుని కిందకి జారి, తడి నేల మీద కూర్చుండిపోయాడు. పైడితల్లి కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. ఆయన తాగలేకపోయాడు. గేటు దగ్గర ఇంకా కేకలు వేస్తూనే ఉన్నారు. అప్పుడు ఆయనే లేచి బయటికి వెళ్ళాడు. గురువులు ఇంకా స్తంభం మీదే ఉన్నాడని, తను తొందరపడి స్విచ్చు వెయ్యబోయానని, ఈవిడ నిలబడకపోతే ఒక మనిషి పోయేవాడని చెప్పాడు. కేకలు ఆగిపోయాయి. కోడలు పిల్లని పక్కావిడ చేతికిచ్చి, లోపలికొచ్చి, అత్తగారి పక్కన నిలబడింది.

ముప్పావు గంటకి గురువులే ఫోను చేశాడు. దిగానన్నాడు. అప్పుడు స్విచ్చు వేశారు. మోటారు తిరిగింది. బిందెలు నిండాయి.

సాయంత్రం గురువులు వచ్చాడు. మాధవరావు ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. గురువులు చాలాసేపు తన చేతులు తనే చూసుకున్నాడు. ఆ తర్వాత ఇంటికి ఫోను చేసి, ఇదిగో వస్తున్నానని చెప్పాడు. మామూలుగా అతను అలా చెప్పే మనిషి కాదు.

మర్నాడు మాధవరావు రంగు డబ్బా తెచ్చి, స్విచ్చుల పైన గోడ మీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాశాడు. రాసి పైడితల్లిని పిలిచి చదివి వినిపించాడు. "పని చేసే మనిషి తన నోటితో చెప్పేదాకా కరెంటు ఇవ్వరాదు." ఇందులో రెండర్థాలొచ్చే మాట ఏదైనా ఉందా అని అడిగాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

పైడితల్లి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పని చేసే మనిషంటే నేనూ పని చేసే మనిషినే కదా బాబూ. నేను చెబితే ఇచ్చేస్తారా?"

మాధవరావు ఆ మూడు మాటలూ చెరిపేశాడు. "స్తంభం ఎక్కిన మనిషి కిందకి దిగి" అని రాశాడు. మళ్ళీ చదివి వినిపించాడు. పైడితల్లి ఈసారి తలూపి, చీపురు తీసుకుని వాకిట్లోకి వెళ్ళిపోయింది.

కథేమో కంచికి బండెక్కిపోయె,
గాలేమో కాలవ గట్టెక్కిపోయె,
దీపమ్ము చిన్నదై గూటిలో ఒదిగె,
మా కన్న కళ్ళల్లో నిద్రొచ్చి వాలె.